ఊదు తాతా, ఇంకా ఊదు

నేను పనిచేసే గది తలుపు మీద "పీఎఫ్‌టీ" అని రాసి ఉంటుంది. ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష అని దానర్థం. అదేంటో తెలిసి లోపలికి వచ్చేవాళ్లు తక్కువ. కొందరైతే కుర్చీలో కూర్చోకముందే చొక్కా చేయి పైకి మడిచి "రక్తం తీస్తరా మేడం?" అంటారు. రక్తం లేదు, సూది లేదు. ఊదుడే. గొట్టంలోకి బలమంతా పెట్టి ఊదితే ఎంత గాలి బయటికొచ్చింది, ఎంత వేగంగా వచ్చింది అన్నది మిషన్ గీత గీసి చూపిస్తుంది.

చెప్పినంత సులువు కాదు. ముక్కుకు క్లిప్పు పెడతాం. పెదాలు గొట్టం చుట్టూ బిగించాలి. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, క్షణం కూడా ఆగకుండా ఒక్కసారిగా వదలాలి. వదిలి ఊరుకుంటే కుదరదు, కనీసం 6 సెకన్లు ఊదుతూనే ఉండాలి. 6 సెకన్లంటే ఏముందిలే అనుకుంటారు. గడియారం చూసుకుంటూ ఒకసారి ప్రయత్నించండి, మూడో సెకనుకే లోపల ఇంకేం మిగల్లేదనిపిస్తుంది. అక్కడే నా గొంతు లేస్తుంది. "ఊదు తాతా, ఊదు, ఇంకా ఊదు, ఆపకు, ఇంకా ఉన్నది, ఊదూ..." పక్క ఎక్స్‌రే గదివాళ్లకు నా అరుపులు అలవాటైపోయాయి. కొత్తగా చేరిన సెక్యూరిటీ అతను మాత్రం మొదటిరోజు ఏదో గొడవైందనుకుని తలుపు తోసుకుని వచ్చాడు.

ఇలాంటివి సరైనవి మూడు రావాలి. వాటిలో మంచివి రెండింటికీ మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటితే మళ్లీ మొదటికే. కట్టుడు పళ్లున్న పెద్దవాళ్లు పరీక్ష అనగానే వాటిని తీసి జేబులో వేసుకుంటారు. వద్దు, అవి ఉంటేనే పెదాలు బిగుస్తాయి. గట్టిగా ఊదితే మూత్రం జారుతుందేమోనని కొందరు ఆడవాళ్లు బయటికి చెప్పుకోలేక సగం బలంతో ఊదుతారు, అందుకే ముందే బాత్రూంకి వెళ్లి రమ్మంటాను. ఈమధ్యే కంటి శుక్లాలు తీయించుకున్నవాళ్లను, గుండెపోటు వచ్చి నెలైనా కానివాళ్లను ఊదించకుండానే వెనక్కి పంపిస్తాం.

మాది నిజామాబాద్ దిక్కు. ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల అంటే తెలిసినవాళ్లకు గుర్తొచ్చేవి రెండు: గల్ఫ్, బీడీలు. మా అమ్మా బీడీలు చేసింది. చాట ఒళ్లో పెట్టుకుని, తడిపి మెత్తబరిచిన తునికాకు మీద అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి చుట్టి, మూతి మడిచి దారం కట్టేది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. నా ఇంటర్ ఫీజు, తర్వాత ఈ టెక్నీషియన్ కోర్సు ఫీజు ఆ చాటలోంచి వచ్చినవే. "బీడీల పైసలతో సదివి బీడీ తాగెటోళ్లకు నీతులు చెప్తవా" అని మా తమ్ముడు ఎగతాళి చేస్తుంటాడు. నీతులు నేను చెప్పను. ఊదమంటాను. మిగతాది గీత చెబుతుంది. అమ్మకు కూడా ఊదించాను, రిపోర్టు బాగానే ఉంది. తంబాకు దుమ్ముకు పట్టుకున్న తుమ్ములు మాత్రం ఆమెను వదల్లేదు.

ఈ మిషన్‌కు ముత్తాత 1846 నాటిది. జాన్ హచిన్‌సన్ అని ఇంగ్లండ్ డాక్టరు. నీళ్లలో బోర్లించిన పాత్రలోకి ఊదిస్తే ఆ పాత్ర పైకి తేలేది. ఎంత లేచిందో కొలిచి ఊపిరితిత్తుల్లో పట్టే గాలి లెక్క కట్టేవాడు. నావికులు, పోలీసులు, మల్లయోధులు, దొరలు, దిక్కులేని పేదలు... మొత్తం 2,000 మందికి పైగా ఊదించాడు. ఆయన గొంతు ఏమైందో పాపం.

ఇప్పుడు మేం ముఖ్యంగా చూసేది మొదటి సెకను. మొత్తం ఊదిన గాలిలో ఆ ఒక్క సెకనులో ఎంత బయటపడింది అన్నది. పెద్దవాళ్లలో మామూలుగా నూటికి 70 పైనే రావాలి. తక్కువొస్తే ఇన్‌హేలర్ మందిచ్చి, పావుగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తాం. అప్పటికీ 70 దాటకపోతే గాలి గొట్టాలు ఇరుకైపోయాయని, మందుకు పూర్తిగా తెరుచుకోవడం లేదని అర్థం. ఏళ్ల తరబడి పొగతాగిన మనిషైతే డాక్టర్లు చాలాసార్లు సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు, అని రాస్తారు. గీత చూసినా తెలిసిపోతుంది. మంచి ఊపిరి గీత నిటారుగా లేచి దాదాపు తిన్నగా దిగుతుంది. పొగతాగి గొట్టాలు ఇరుకైనవాళ్లది లేచినట్టే లేచి, దిగేటప్పుడు మధ్యలో గుంటపడి, చివర నేలబారుగా సాగుతూ ఉంటుంది. 6 సెకన్లయినా వాళ్ల గాలి ఇంకా వస్తూనే ఉంటుంది, కొందరికి పన్నెండు సెకన్లయినా అంతే. నేను "ఆపు తాతా" అనాల్సి వచ్చేది వాళ్లతోనే.

ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఆయాసం ఉందా లేదా అని. ఆ ప్రశ్న మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది.

ఒక పసుపు రైతు వచ్చాడు, అరవై దాటిన మనిషి, భార్య వెంట ఉంది. జేబులోంచి బీడీ కట్ట తొంగిచూస్తోంది.

"దమ్ము వస్తుందా బాపూ?"

"లేదు బిడ్డా."

"దగ్గు?"

"పొద్దుగాల జర. బీడీ తాగెటోనికి అది ఉండేదే గద."

అప్పుడు నా ప్రశ్న అడిగాను. "నాలుగైదేండ్ల కింద చేసి ఇప్పుడు చేస్తలేని పని ఏమన్న ఉన్నదా?"

ఆయన కాసేపు ఆలోచించి ఏం లేదన్నాడు. భార్య ఊరుకోలేదు. "సిద్ధులగుట్ట సంగతి చెప్పవైతివి. ఎన్నడు మెట్లు తప్పలే, ఇప్పుడు బండి మీద ఘాట్ రోడ్డెంబడి పోతున్నం మేడం."

"మోకాళ్లు నొస్తున్నయి," అన్నాడాయన.

"ఎండకాలం డాబా మీద పండుడు?"

"దోమలు."

"మోటరు కాడికి పోవుడు?"

"గిప్పుడు ఫోన్‌లనే స్టార్టర్ ఉన్నది గదా."

స్నానం స్టూలు మీద కూర్చుని చేస్తున్నాడు. బూట్లు మానేసి చెప్పుల్లోకి దిగాడు, ఎందుకంటే వంగి లేసులు కట్టుకుంటే గుండెలు బిగబట్టినట్టవుతోంది. పసుపు బస్తా ఎత్తడం కొడుక్కి అప్పగించాడు. ప్రతిదానికీ ఒక కారణం చెప్పాడు, అన్నీ నమ్మదగ్గవే. మోకాళ్లు నొస్తాయి, దోమలుంటాయి, కొడుకులు ఎదుగుతారు. ఎక్కడా దమ్ము అన్న మాట లేదు. ఊదిస్తే మొదటి సెకను గాలి ఆయన వయసుకు, ఎత్తుకు ఉండాల్సిన దాంట్లో నూటికి 48.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయాసం వచ్చే పనులన్నీ ఒక్కొక్కటే వదిలేసుకుంటూ వచ్చాడు కాబట్టి ఆయనకు నిజంగానే ఆయాసం లేదు. మా గదిలో ఇదే ఎక్కువగా చూస్తాను. దగ్గు, గల్ల (కఫం), పిల్లికూతలు అడిగితే "ఉండేదే" అంటారు, ఏం మానేశావని అడిగితే ఇంట్లోవాళ్లు చెబుతారు. డాక్టర్ల దగ్గర దీనికో కొలత కూడా ఉంది, 0 నుంచి 4 దాకా. చదును నేల మీద తోటివాళ్లతో సమానంగా నడవలేక వెనకబడితే 2. వంద మీటర్లకే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తే 3. బట్టలు మార్చుకున్నా ఆయాసమొస్తే 4. ఆ రైతు భార్య చెప్పినదాన్ని బట్టి డాక్టరు 2 వేశారు.

ఇంత నష్టం జరుగుతుంటే ఒంటికి తెలియకపోవడం ఏమిటి? నేను చదువుకున్నప్పుడు నాకూ అదే అనుమానం. గొంతు కింద ఒక్కటిగా మొదలైన గాలి గొట్టం రెండుగా, ఆ రెండు నాలుగుగా, ఇలా 23 సార్లు దాకా చీలుతూ పోయి చివర గాలి గదుల్లో ముగుస్తుంది. ఆ గదులు 30 కోట్లకు తక్కువ ఉండవు. చివరి వరసల గొట్టాలు 2 మిల్లీమీటర్లకన్నా సన్నం, కానీ లెక్కలేనన్ని. అవన్నీ కలిస్తే గాలికి బోలెడంత దారి. అందుకే వాటిలో కొన్ని మూసుకుపోయినా మిగతావి నెట్టుకొస్తాయి, మనిషికి తేడా తెలియదు. పొగ మొట్టమొదట పాడుచేసేది సరిగ్గా అక్కడే. తెలిసొచ్చేసరికి చాలా గొట్టాలు పోయి ఉంటాయి.

మా దిక్కు ఇంకో చిక్కుంది. దుబాయ్, మస్కట్ పోయేవాళ్లకు వీసా కోసం మెడికల్ చేస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఆ ఎక్స్‌రేలో ముఖ్యంగా వెతికేది టీబీని. అందులో పాసై వచ్చినవాడు "నా ఊపిరితిత్తులు క్లీన్, గల్ఫోళ్లే చెప్పిన్రు" అని జబ్బ చరుచుకుని మళ్లీ అగ్గిపుల్ల గీస్తాడు. సన్న గొట్టాలు ఇరుకైన సంగతి మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు. అది ఊదితేనే బయటపడేది. ఈ మాట ట్రావెల్ ఏజెంటు ఆఫీసుల్లో పెద్దక్షరాలతో అంటించాలని నా కోరిక.

మరొక సంగతి. ఆయాసం అంటే గాలి లోపలికి పోవడం లేదని అందరూ అనుకుంటారు. పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల కథ తలకిందులు. వాళ్లకు గాలి బయటికి రాదు. గాలి గదుల గోడల్లో సాగి మళ్లీ ముడుచుకునే పీచు ఉంటుంది. పొగ తగిలిన చోటికి తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి వదిలే రసాలు ఆ పీచును తినేస్తాయి. వాటిని అడ్డుకునే పదార్థం ఒకటి ఒంట్లోనే ఉంది, దాన్నీ పొగ పనికిరాకుండా చేస్తుంది. ఇప్పుడు చూడండి, ఆ గదుల గోడలే సన్న గొట్టాలను నాలుగు పక్కలా లాగి తెరిచి పట్టుకునేవి, పందిరిని నిలబెట్టే తాళ్ల లాగా. తాళ్లు తెగాక ఊపిరి వదలగానే గొట్టాలు మూతపడతాయి. వెనకున్న గాలి లోపలే చిక్కుకుంటుంది. పాతది పోందే కొత్తదానికి చోటెక్కడ? ఛాతీ ఎప్పుడూ పొంగే ఉంటుంది, కింద గొడుగులా వంగి ఉండాల్సిన డయాఫ్రం నొక్కుకుపోయి చదునవుతుంది. మెడ కండరాలతో ఊపిరి లాగడం మొదలవుతుంది. వెయిటింగ్ హాల్లో రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊదుకుంటూ కూర్చున్న మనిషి కనిపిస్తే ఫైలు చూడకముందే నాకు తెలిసిపోతుంది. ఆ పెదాలు చుట్టడం ఎవరూ నేర్పలేదు, ఒళ్లే కనిపెట్టుకుంది. అలా ఊదితే లోపల కాస్త ఒత్తిడి నిలిచి గొట్టాలు వెంటనే మూతపడవు. మా ఫిజియోథెరపీ మేడం అదే పనిని పద్ధతిగా నేర్పిస్తుంది: ముక్కుతో పీల్చడం, దానికి రెండింతల సేపు పెదాలు చుట్టి వదలడం.

సిగరెట్ వేరు, బీడీ వేరు అని వాదించే తాతలు చాలామంది. "నేను సిగరెట్ ముట్టను మేడం, బీడీయే" అని గొప్పగా చెబుతారు. సినిమాకు ముందు వేసే హెచ్చరికల్లో కూడా వాళ్లకు ఎక్కువగా కనిపించేది సిగరెట్టే, తప్పు వాళ్లదొక్కళ్లదే అనలేం. 2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు నూటికి 4, బీడీ తాగేవాళ్లు 7.7. బీడీలో పొగాకు సిగరెట్‌లో నాలుగోవంతు అటూ ఇటూ ఉంటుంది, అది నిజం. కానీ తునికాకు సిగరెట్ కాగితం లాగా గాలి పోనివ్వదు, సరిగ్గా కాలదు. రెండు నిమిషాలు పట్టించుకోకపోతే ఆరిపోతుంది. ఆరకుండా ఉండాలంటే లాగుతూనే ఉండాలి, గట్టిగా లాగాలి. ఫిల్టరూ లేదు. పొగ అంత లోతుకూ పోతుంది. మా అమ్మకిది చెబితే "గట్టిగ చుడితే ఇంక తొందరగ ఆరిపోతది, వదులుగ చుడితే కార్ఖానాల తీసి పారేస్తరు" అంది. తయారుచేసేవాళ్లకు తెలిసిన సంగతులు వేరు.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మాట కూడా చెప్పాలి. రక్తంలో హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆక్సిజన్ కూర్చోవాల్సిన సీట్లో అది కూర్చుంటుంది. మానేస్తే మొదట వదిలేదీ అదే, ఒకటి రెండు రోజుల్లో.

మానేయడం దగ్గరికొచ్చేసరికి అందరూ అడిగేది ఒకటే: పోయింది మళ్లీ వస్తుందా? తెగిన పీచు రాదు. నేను అబద్ధం చెప్పను, డాక్టర్లూ చెప్పరు. కానీ పోయే వేగం మారుతుంది, అసలు లెక్క అక్కడుంది. వయసుతో ఎవరికైనా మొదటి సెకను గాలి ఏటా కొంత తగ్గుతుంది. అమెరికా, కెనడాల్లో అప్పటికే గొట్టాలు కొంత దెబ్బతిన్న పొగరాయుళ్లను 11 ఏళ్లు వెంబడించి చూశారు. తాగుతూనే ఉన్న మగవాళ్లకు ఏటా 66 మిల్లీలీటర్ల చొప్పున పోయింది. మొదట్లోనే మానేసి మళ్లీ ముట్టనివాళ్లకు 30. ఏడాదికి 36 మిల్లీలీటర్ల తేడా అంటే చిన్న టీ కప్పు కూడా కాదు. పదేళ్లకు వేసుకోండి, 360. నూటికి 48 దగ్గరున్న మనిషికి ఆ 360 అంటే బాత్రూం దాకా తనంతట తాను నడవడానికీ నడవలేకపోవడానికీ ఉన్న తేడా.

"అరవై దాటినయి, ఇప్పుడు మానేసి ఏం చేస్త" అనేవాళ్లకు బ్రిటన్ డాక్టర్ల సంగతి చెబుతాను. అక్కడి డాక్టర్ల పొగతాగే అలవాట్ల మీదే 1951లో రిచర్డ్ డాల్ మొదలుపెట్టిన పరిశీలన అది, 50 ఏళ్ల ఫలితాలు 2004లో వచ్చాయి. జీవితాంతం సిగరెట్ తాగినవాళ్లకు సగటున పదేళ్ల ఆయుష్షు తగ్గింది. అరవైలో మానేసినవాళ్లు కూడా అందులో మూడేళ్లు వెనక్కి తెచ్చుకున్నారు, యాభైలో మానేసినవాళ్లు ఆరు. మూడేళ్లంటే మనవరాలి పెళ్లి చూడొచ్చు అంటే చాలామంది నవ్వుతారు. ఒకాయన మాత్రం "మనవరాలు అమెరికాల ఉన్నది, పెండ్లి ఆన్నే చేసుకుంటదట" అన్నాడు.

మానేసిన కొత్తలో దగ్గు పెరిగిందని కోపంగా వచ్చేవాళ్లున్నారు. "తాగినప్పుడే మంచిగుండె, ఒక్క బీడీ పడితే గల్ల తెగేది" అంటారు. గాలి గొట్టాల లోపలి గోడ మీద కంటికి కనపడని నూగు ఉంటుంది, గల్లను పైకి తోసేది అదే. పొగ దాన్ని పడుకోబెట్టేస్తుంది. మానేశాక కొన్ని వారాల్లో అది లేచి పని మొదలుపెడుతుంది, ఏళ్ల చెత్త కదిలి బయటికొస్తుంది. కొన్నాళ్లు ఓపిక పట్టాలి. రక్తం పడితే, బరువు తగ్గితే, రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే మాత్రం ఓపిక పట్టకూడదు, గల్ల పరీక్ష చేయించాలి. టీబీ ఉన్నచోట అన్నిటినీ బీడీ మీదికి నెట్టకూడదు.

ఇన్‌హేలర్ గురించి రాస్తే ఇంకో పోస్టవుతుంది. నలభై ఏళ్లు బీడీకి అలవాటుపడ్డ మనిషి "ఇన్‌హేలర్‌కు అలవాటైపోతనేమో" అని భయపడటం మాత్రం నాకు ఎన్నిసార్లు విన్నా కొత్తే. ఇన్‌హేలర్‌లో పెట్టి పీల్చాల్సిన క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసినవాళ్లున్నారు. రాసిచ్చిన డాక్టరు ముందో, మందులషాపులోనో ఒకసారి పీల్చి చూపించండి. ఇంటికి ఆక్సిజన్ మిషన్ తెచ్చుకున్నవాళ్లు దాని దగ్గర బీడీ వెలిగిస్తే మొహం కాలుతుంది, ఇది బెదిరింపు కాదు, జరుగుతున్నదే.

అన్నట్టు, నా మిషన్ మీద అదే గుంటపడ్డ గీత గీసే ఆడవాళ్లున్నారు, జీవితంలో బీడీ ముట్టనివాళ్లు. కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్లు ఊదుగొట్టంతో ఊదినవాళ్లు. వాళ్లు మాత్రం నేను చెప్పకముందే చక్కగా ఊదేస్తారు.

నలభై దాటి, ఏళ్లుగా పొగ తాగుతున్నవాళ్లు, తాగి మానేసినవాళ్లు ఒకసారి ఊదించుకోండి. జిల్లా కేంద్రాల్లో ఛాతీ డాక్టర్లున్న చాలా ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉంది. వచ్చే ముందు రెండు గంటలు కడుపునిండా తినకండి, బిగుతు బెల్టు పెట్టుకోకండి, వాడుతున్న ఇన్‌హేలర్ ఆ రోజు పీల్చాలో వద్దో ఫోన్ చేసి కనుక్కోండి. ఒక గంట ముందునుంచి బీడీ గానీ సిగరెట్ గానీ తాగకండి. ఆ గంట గడవడం కష్టమైతే అది కూడా డాక్టరుకు చెప్పండి. నిద్రలేచాక మొదటి బీడీ ఎంతసేపటికి వెలిగిస్తారో కూడా చెప్పండి. కళ్లు తెరిచిన 5 నిమిషాల్లోపే అయితే వట్టి పట్టుదలతో మానడం కష్టం, నికోటిన్ గమ్ము, ప్యాచ్, మాత్రల్లో ఏది సరిపోతుందో వాళ్లు చూస్తారు. ఫోన్‌లో మాట్లాడటమే నయం అనుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్ ఉంది, 1800-11-2356, డబ్బులు పడవు. వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లను ఒకరిని వెంట తెచ్చుకోండి. మీరు ఏమేం మానేశారో వాళ్లు చెబుతారు.